కోలాజ్ కార్డుకు అర్థం ఎక్కడి నుంచి వస్తుంది?

పాత పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించడం, వాటిని ఒక చిన్న అట్ట మీద అతికించడం, ఆ తర్వాత ఆ కార్డు తరఫున మనమే మాట్లాడటం. పని మొత్తం చెప్పుకుంటే ఇంతే. కానీ మొదటిసారి చూసినవాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం రకరకాలుగా ఉంటాయి. ఇది జోస్యం చెప్పే టారో కార్డుల లాంటిదా? ఆర్ట్ క్లాసా? సైకాలజీనా? ధ్యానం కోవలోకి వస్తుందా? చేసేవాళ్లలో కూడా ఈ గందరగోళం ఉంది. జోస్యమనుకున్నవాళ్లు కార్డు ఏం చెబుతుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆర్ట్ అనుకున్నవాళ్లు అంచులు నీటుగా రాలేదని టెన్షన్ పడతారు. థెరపీ అనుకున్నవాళ్లు ప్రతి బొమ్మ వెనకా ఒక గాయం ఉండే తీరుతుందని తవ్వుతారు.

ఈ చిక్కుముడిని విప్పాలంటే ముందు ఒక ప్రశ్న దగ్గర ఆగాలి. కార్డుకు అర్థం ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి స్పష్టమైన జవాబు ఉంటే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. నా జవాబు ముందే చెప్పేస్తాను: కార్డుకు ఏమీ తెలియదు. దాని గొంతు అరువు తెచ్చుకుని మాట్లాడేటప్పుడు, మామూలుగా మన నోటికి రాని మాటలు కొన్ని బయటికొస్తాయి. విలువంతా ఆ మాటల్లోనే ఉంది.

మూడు పాయలు

ఈ పద్ధతిలో మూడు వేర్వేరు చరిత్రలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది కోలాజ్. ఆధునిక చిత్రకళలోకి ఇది 1912లో పికాసో, బ్రాక్‌ల చేతుల మీదుగా వచ్చిందని అందరూ చెబుతారు. అయితే కాగితం కత్తిరించి అతికించే పని అంతకుముందే ఉంది. 18వ శతాబ్దంలో మేరీ డెలానీ అనే ఇంగ్లిష్ మహిళ 72 ఏళ్ల వయసులో మొదలుపెట్టి, రంగు కాగితపు ముక్కలతో దాదాపు వెయ్యి పూల బొమ్మలు చేశారు. అవి ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన విషయానికి దగ్గరగా వచ్చేది మాత్రం చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ పని. 19వ శతాబ్దపు పుస్తకాల్లో చెక్కి అచ్చేసిన బొమ్మల్ని కత్తిరించి, ఒకదానికొకటి సంబంధం లేనివాటిని పక్కపక్కన పెట్టేవాడు. చూసేవాళ్ల మనసు ఊరుకోదు, వాటి మధ్య ఏదో ఒక కథ అల్లుకుంటుంది. కోలాజ్ కార్డు బతికేది ఆ అల్లిక మీదే.

రెండోది మనస్తత్వశాస్త్రం. స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1913 నుంచి తన మనసులో మెదిలే రూపాల్ని అణచిపెట్టకుండా రానిచ్చి, వాటితో సంభాషించడం మొదలుపెట్టాడు. ఆ సంభాషణల్ని రాసుకుని, బొమ్మలు గీసుకున్న ఎర్ర తోలు అట్ట పుస్తకం 2009 దాకా అచ్చు కాలేదు. ఆ సాధనకు ఆయన పెట్టుకున్న పేరు యాక్టివ్ ఇమాజినేషన్. ఇంకోవైపు హెర్మన్ రోర్షాక్ 1921లో పది సిరా మరకల కార్డులు చూపించి, ఏం కనిపిస్తోందో చెప్పించే ఒక పరీక్ష తెచ్చాడు. 1935లో హెన్రీ మరే, క్రిస్టియానా మోర్గన్‌లు బొమ్మ చూపించి కథ చెప్పించే పరీక్ష తెచ్చారు. ఈ పరీక్షల్లో చూసేది ఒకరు, అర్థం చెప్పేది నిపుణులు. కోలాజ్ కార్డులో ఈ అధికారం తిరగబడుతుంది. చేసినవాళ్లు తప్ప ఇంకెవరూ అర్థం చెప్పకూడదు.

మూడోది కార్డుల కట్ట. టారో 15వ శతాబ్దపు ఇటలీలో పేకాట లాంటి ఆటగానే పుట్టింది. దాన్ని భవిష్యత్తు చెప్పడానికి వాడటం 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ప్రచారంలోకి వచ్చింది. 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన 78 కార్డుల కట్ట ఇప్పటికీ బాగా చెలామణిలో ఉంది. అక్కడ ప్రతి కార్డుకూ ముందే ఖాయమైన అర్థం ఒకటి ఉంటుంది, నేర్చుకోవాలి. మనం చేసుకున్న కార్డుకు అలాంటి నిఘంటువు ఉండదు.

ఈ మూడింటినీ కలిపి ఒక క్రమపద్ధతిగా మలిచినవారు కాలిఫోర్నియాకు చెందిన సైకోథెరపిస్టు సీనా ఫ్రాస్ట్. 1980ల చివర్లో మొదలైన ఆమె ప్రయోగమే సోల్‌కోలాజ్ పేరుతో స్థిరపడింది. అందులో కార్డులు నాలుగు గుంపులు. మన లోపలి రకరకాల మనుషులు (భయస్థురాలు, పనిరాక్షసుడు, అందరినీ మెప్పించాలనుకునే బిడ్డ) కమిటీ. మన జీవితంలోకి వచ్చిన నిజమైన మనుషులు కమ్యూనిటీ. యోగంలో చెప్పే శరీరంలోని ఏడు చక్రాలతో జోడించిన జంతువులు కంపానియన్స్. అమ్మ, యోధుడు, మోసగాడు లాంటి విశ్వజనీన మూలరూపాలు కౌన్సిల్. వీటికి బయట మూడు ప్రత్యేక కార్డులున్నాయి, వాటి సంగతి తర్వాత. ఈ గుంపులు లేకుండా కూడా కార్డులు చేసుకోవచ్చు. కొత్తవాళ్లు లోపలి మనుషుల కార్డులతోనే మొదలుపెడితే మంచిదని నా అభిప్రాయం. మూలరూపాలతో మొదలుపెడితే పుస్తకాల్లో చదివిన మాటలే కార్డు నోట్లోంచి వస్తాయి.

చేతిపని

కార్డు సైజు సాధారణంగా 5 × 8 అంగుళాలు. ఇంకే సైజైనా ఫర్వాలేదు కానీ, అన్నీ ఒకే కొలతలో, ఒకే మందంలో ఉండాలి. తర్వాత కట్టను కలిపి, చూడకుండా ఒక కార్డు తీసేటప్పుడు వేలికి తేడా తగలకూడదు. పెద్ద కాగితం కన్నా చిన్న అట్ట మేలు. చోటు తక్కువైతే బొమ్మలు తక్కువ పడతాయి. ఒక్క కార్డులో పది బొమ్మలు కుక్కితే ఎవరి గొంతుతో మాట్లాడాలో తెలియదు. వెనక ఒక నేపథ్యం, దాని మీద ఒకటో రెండో బొమ్మలు ఉంటే చాలు.

ఏరడం, కత్తిరించడం, అతికించడం ఒకే రోజు చేయకపోవడమే మంచిది. ఏరేటప్పుడు పేజీలు గబగబా తిప్పాలి. చెయ్యి ఎక్కడ ఆగితే ఆ పేజీ చింపి పక్కన పెట్టాలి. ఎందుకు ఆగిందో ఆలోచించకూడదు. ముద్దొచ్చే బొమ్మలే కాదు, చిరాకు పుట్టించేవి, చూడగానే పేజీ తిప్పేయాలనిపించేవి కూడా తీసుకోవాలి. అందమైన సూర్యాస్తమయాలు మాత్రమే ఏరుకున్నవాళ్ల కార్డులు గ్రీటింగ్ కార్డుల్లా తయారవుతాయి, వాటికి చెప్పేదేమీ ఉండదు. మనం మనదని ఒప్పుకోని భాగాన్ని యుంగ్ నీడ అన్నాడు. ఆ నీడ చాలాసార్లు నచ్చని బొమ్మల కుప్పలోనే దొరుకుతుంది.

కత్తిరించడంలో ఒక చిన్న కిటుకు ఉంది. కత్తెర పట్టుకున్న చెయ్యి కదలకుండా ఉంచి, కాగితాన్నే తిప్పుతూ పోవాలి. వంపులు అప్పుడే నున్నగా వస్తాయి. జుట్టు, రెక్కలు, ఆకుల మధ్య సందులు లాంటివి కోసేటప్పుడు చిన్న మొన ఉన్న కత్తెర కావాలి. ఆ నెమ్మదైన పనిలోనే మనసు కాస్త స్థిమితపడుతుంది. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆర్ట్ థెరపీ పరిశోధకురాలు గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దలకు కోలాజ్, మట్టి, మార్కర్లు ఇచ్చి 45 నిమిషాలు నచ్చింది చేసుకోమంది. తర్వాత చూస్తే దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోన్ తగ్గింది. బొమ్మలు చేయని మరో గుంపుతో పోల్చి చూడని చిన్న అధ్యయనం అది. అందుకని దాని మీద పెద్ద మేడలు కట్టనక్కర్లేదు. చేతులు పనిలో ఉంటే శరీరం సద్దుమణుగుతుందనే అనుభవానికి అది ఒక చిన్న దన్ను మాత్రమే.

అతికించే ముందు ముక్కల్ని అట్ట మీద జరుపుతూ చూడాలి. తలకిందులు చేయాలి, అంచు బయటికి పోనివ్వాలి, పెద్దదాని పక్కన చిన్నదాన్ని పెట్టాలి. నేను ఎక్కువ సమయం గడిపేది ఇక్కడే. ఒక బొమ్మ అర అంగుళం జరిగితే సంబంధం మొత్తం మారిపోతుంది. తలుపుకు ఎదురుగా నిలబడ్డ మనిషి ఒకటి, తలుపుకు వీపు పెట్టిన మనిషి ఇంకొకటి. ఏదో ఒక క్షణంలో ఇక చాలు అనిపిస్తుంది, అప్పుడే గమ్ము తీయాలి. నీళ్ల గమ్ము పూస్తే కాగితం ముందు సాగుతుంది, ఆరేటప్పుడు బిగుసుకుని అట్టను తనవైపు లాగుతుంది. ముడతలూ వంకరలూ అందుకే వస్తాయి. గ్లూ స్టిక్ వాడి, పైన బరువు పెట్టి ఒక రాత్రి వదిలేస్తే ఆ బాధ ఉండదు. వెనకవైపు కూడా ఒక కాగితం అతికిస్తే లాగుడు రెండు వైపులా సమానమవుతుంది. ఇంట్లో వాళ్ల ఫొటోలు వాడాలనుకుంటే అసలు ఫొటో ముట్టుకోకుండా, ప్రింటు తీసి వాడండి.

కార్డు మీద అక్షరాలు పెట్టకపోవడం ఈ పద్ధతిలో ఒక ముఖ్యమైన ఆనవాయితీ. అక్షరం కనబడగానే కళ్లు చదవడం మొదలుపెడతాయి, చూడటం ఆగిపోతుంది. ‘ధైర్యం’ అని రాసి ఉన్న కార్డు ఎన్నేళ్లయినా ధైర్యం గురించే మాట్లాడుతుంది. మాట లేని కార్డు పదేళ్ల తర్వాత వేరే సంగతి చెప్పగలదు.

గొంతు అరువు తెచ్చుకోవడం

చాలామంది అందమైన కార్డు తయారవగానే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అప్పుడు సగమే అయినట్టు. కార్డును ఎదురుగా పెట్టుకుని, అందులోని బొమ్మగా మారి, ‘నేను ఫలానా పని చేసేదాన్ని’, ‘నేను ఫలానాలా ఉండేవాణ్ణి’ అని మాట్లాడటం మిగిలిన సగం. కార్డు గురించి మాట్లాడకూడదు, కార్డుగా మాట్లాడాలి. ఆ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఫలితంలో చాలా ఉంటుంది.

నా దగ్గరున్న ఒక కార్డు సంగతి చెబుతాను. వెనక ఎండిపోయి పగుళ్లు తేలిన నేల. ముందు ఒంటికాలి మీద నిలబడ్డ తెల్ల కొంగ. ఆకాశంలో సూర్యుడు ఉండాల్సిన చోట ఒక గోడ గడియారం. మూడూ మూడు వేర్వేరు పత్రికల్లోంచి వచ్చినవి. అతికించాక చూసి ‘ఓర్పు’ అనుకున్నాను. మంచి కార్డే కుదిరిందనిపించింది. తర్వాత కొంగగా మాట్లాడటం మొదలుపెట్టాను. ‘నేను కదలకుండా నిలబడేదాన్ని. నేను టైమ్ చూసుకోనిదాన్ని. నేను చేప కోసం ఎదురుచూసేదాన్ని. నేను నీళ్లు లేని చోట చేప కోసం ఎదురుచూసేదాన్ని.’ ఆఖరి వాక్యం నోట్లోంచి వచ్చేదాకా ఆ నేల మీద నీళ్లు లేవన్న సంగతి నేను గమనించనే లేదు. ఆ నేపథ్యాన్ని నా చేత్తోనే అతికించాను, అయినా గమనించలేదు. ఒకరి నుంచి రావాల్సిన క్షమాపణ కోసం నేను చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను. ఆ ఎదురుచూపును ఓర్పు అని పిలుచుకుంటూ వచ్చాను. ‘నా నుంచి నీకేం కావాలి?’ అని కొంగను అడిగితే, ‘కాలు మార్చుకోనివ్వు’ అంది. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపూ వచ్చింది.

కార్డును అడగదగ్గ ప్రశ్నలు ఎక్కువ లేవు. నువ్వు ఎవరు? నాకు ఇవ్వడానికి ఏం తెచ్చావు? నా నుంచి ఏం కావాలి? ఇంకేమైనా చెప్పాలా? వీటికి జవాబులు రాసుకోవచ్చు కానీ, గట్టిగా పైకి అనడం వేరు. రాసేటప్పుడు వాక్యాన్ని దిద్దుకుంటాం. మాట్లాడేటప్పుడు ఆ తీరిక ఉండదు.

సరిగ్గా సరిపోయినట్టు ఎందుకనిపిస్తుంది?

ఇక్కడ నిజాయితీగా ఎదుర్కోవాల్సిన అభ్యంతరం ఒకటుంది. 2005లో మనస్తత్వ పరిశోధకులు పెటర్ జొహాన్సన్, లార్స్ హాల్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. రెండు ముఖాల ఫొటోలు చూపించి, ఏది ఆకర్షణీయంగా ఉందో చెప్పమన్నారు. ఆ తర్వాత, ఎంచుకున్నదే ఇస్తున్నట్టు నటిస్తూ, హస్తలాఘవంతో రెండో ఫొటో చేతికిచ్చి, ఇదే ఎందుకు నచ్చిందని అడిగారు. చాలాసార్లు జనం ఆ మార్పును పట్టుకోలేదు. తాము ఎంచుకోని ముఖం ఎందుకు నచ్చిందో కారణాలు కూడా చెప్పారు. మన ఎంపికలకు మనం చెప్పుకునే కారణాలు అప్పటికప్పుడు అల్లుకున్నవి కావచ్చన్నమాట.

అలాంటప్పుడు కార్డుగా మాట్లాడిన మాటలు మాత్రం అల్లికలు కావా? అయ్యే అవకాశం పూర్తిగా ఉంది. అందుకే క్షమాపణ సంగతి మనసులో ఉండబట్టే ఆ కొంగను ఎంచుకున్నానని నేను ఎప్పుడూ అనను. బహుశా దాని తెల్లదనం నచ్చి తీసి ఉంటాను. కానీ మాట్లాడేటప్పుడు నా నోటికి వచ్చిన వాక్యం, తగిలిన చోటు, వచ్చిన ఏడుపు నా జీవితానికి సంబంధించినవే. బొమ్మ ఎందుకు వచ్చిందన్నది ఒక ప్రశ్న, దాని ముందు నేనేం అన్నానన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు వెతకడం వృథా. ఇంట్యూషన్ అన్న మాటను ఈ పనిలో నేను వాడేది ఈ పరిమితమైన అర్థంలోనే: ముందు ఎంచుకోవడం, వివరణను ఆలస్యం చేయడం. లోపల ఎక్కడో తప్పులేని ఒక జ్ఞాని కూర్చుని బొమ్మలు ఏరిస్తున్నాడని నేను నమ్మను.

కార్డు తీసి చదివేటప్పుడు ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. ఒక ప్రశ్న మనసులో పెట్టుకుని, కట్ట కలిపి, చూడకుండా ఒకటి తీస్తాం. అది అచ్చంగా మన పరిస్థితికే సరిపోతుంది. ఒళ్లు జలదరిస్తుంది. 1948లో మనస్తత్వవేత్త బెర్ట్రామ్ ఫోరర్ తన విద్యార్థులకు ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు ఇస్తున్నానని చెప్పి, అందరికీ ఒకే వర్ణనను పంచాడు. ఎంత బాగా సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వచ్చింది. సాధారణంగా ఉండే మాట ఎవరికైనా సరిపోతుంది. బొమ్మ అంతకన్నా సాధారణం, కాబట్టి ఇంకా తేలిగ్గా సరిపోతుంది.

దీన్ని ఎవరికి వాళ్లు పరీక్షించుకోవచ్చు. అదే ప్రశ్నకు ఇంకో కార్డు తీయండి, అదీ సరిపోతుంది. మూడోది తీయండి, అదీ సరిపోతుంది. ఇది చూసి నిరాశపడేవాళ్లున్నారు, నాకు మాత్రం ఊరటగా అనిపిస్తుంది. తప్పు కార్డు అంటూ ఉండదు కదా! కార్డును యాదృచ్ఛికంగా తీయడం వల్ల ఒరిగేది వేరే ఉంది. మనకు నచ్చిన కోణంలోంచే మనం ఎప్పుడూ సమస్యను చూస్తాం. చూడకుండా తీసిన కార్డు, మనం పిలవని మనిషిని ఆ సమస్య గురించి మాట్లాడమంటుంది. ఉద్యోగం మానాలా వద్దా అన్న ఆలోచనలో ఉన్నప్పుడు లోపలి పసిపాప కార్డు వచ్చిందనుకోండి. మానమనో వద్దనో ఆ పాప చెప్పదు. ‘నన్ను ఆడుకోనివ్వకుండా ఎన్నాళ్లయింది?’ అని అడగొచ్చు. నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ ప్రశ్న కూడా లెక్కలో ఉంటుంది. అవునా కాదా అనే ప్రశ్నలు, ఎప్పుడు జరుగుతుందనే ప్రశ్నలు, ఎదుటివాళ్ల మనసులో ఏముందనే ప్రశ్నలు కార్డుల్ని అడగొద్దని అందుకే చెబుతాను. వాటికి కార్డు దగ్గర సమాచారం లేదు, మన ఆశలో భయాలో జవాబిస్తాయి.

వచ్చిన మాట నిజమా కాదా అన్నది బయట తేల్చుకోవాలి. కొంగ మాట విన్నాక నేను ఆ వ్యక్తికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. నేల ఎండిపోయి ఉందన్న మాట అప్పుడు తేలింది, కార్డు తయారైనప్పుడు కాదు.

చూసేవాడి కార్డు

ఇంతవరకూ చెప్పినదంతా మనసు గురించి. మరి ఆధ్యాత్మికం ఎక్కడ? సోల్‌కోలాజ్‌లో నాలుగు గుంపులకూ బయట ఉండే మూడు కార్డులున్నాయన్నాను. అన్నింటికీ మూలమైనది ఒకటి, ఆ మూలం నాలో ప్రత్యేకంగా పలికే తీరు ఒకటి, అన్నింటినీ చూస్తూ ఉండే సాక్షి ఒకటి. ఇవి మాట్లాడే కార్డులు కావు. మూలం కార్డు తరఫున ‘నేను’ అని మాట్లాడరు. ఎదురుగా పెట్టుకుని ఊరికే కూర్చుంటారు.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. కార్డులు చేస్తున్నకొద్దీ ఆ రెండో పక్షి అవసరం అర్థమవుతుంది. ఇరవై ముప్పై కార్డులు బల్ల మీద పరిస్తే అలిగేది, ఆజ్ఞాపించేది, దాక్కునేది, అన్నీ కనిపిస్తాయి. ప్రతి ఒక్కటీ ‘నేను’ అంటుంది. వాటన్నింటినీ పరిచి చూస్తున్నది ఎవరు? ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగగలిగితే, కోపం వచ్చినప్పుడు కోపమే నేను అనుకునే అలవాటు కొంచెం సడలుతుంది. దేవుణ్ణి నమ్మేవాళ్లు దీన్ని ఒకలా అర్థం చేసుకుంటారు, నమ్మనివాళ్లు ఇంకోలా. రెండు రకాల వాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని కార్డులు చేసుకోగలగడం నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చిన విషయం.

ఇతరులతో కలిసి చేసేటప్పుడు

గుంపుగా చేస్తే ఉపయోగం ఎక్కువ, ప్రమాదం కూడా ఎక్కువే. ఉపయోగం ఏమిటంటే, ఒకరు కార్డుగా మాట్లాడుతుంటే పక్కవాళ్లు ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టొచ్చు. మాట్లాడినవాళ్లకు తామేం అన్నారో కాసేపటికే గుర్తుండదు. తమ మాటలు తిరిగి చదివి వినిపిస్తే ‘నేను ఇలా అన్నానా?’ అని ఆశ్చర్యపోతారు. ప్రమాదం వ్యాఖ్యానం. ‘ఈ నల్లటి తలుపు మీ నాన్నగారు అయ్యుంటారు’ అని ఎవరో అనేస్తారు. ఇక ఆ కార్డును చూసినప్పుడల్లా ఆ మాటే అడ్డొస్తుంది. అడగని అర్థం చెప్పకపోవడం మర్యాద మాత్రమే కాదు, పద్ధతి నిలబడేదే దాని మీద. అన్న మాటలు గది దాటకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో నియమం కార్డుల్ని అమ్మకపోవడం. పత్రికల్లోని ఫొటోలు వేరేవాళ్లు తీసినవి, వాటి మీద హక్కులు వాళ్లవి. సొంత వాడకం కోసం ఒక్క కార్డు చేసుకోవడం వేరు, దాన్ని ముద్రించి అమ్మడం వేరు. సోల్‌కోలాజ్ కార్డుల్ని అమ్మరు, ఇచ్చిపుచ్చుకోరు. పైగా, ఇంకొకరు కొనుక్కున్నా అందులో వాళ్లకు పనికొచ్చే గొంతు ఉండదు.

చివరగా, కొన్ని బొమ్మలు తట్టుకోలేనంత లోతుకు తీసుకెళ్తాయి. ఈమధ్యే ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లు, హింసను అనుభవించినవాళ్లు ఒంటరిగా కార్డులతో మాట్లాడుతూ ఊపిరాడనట్టు అయిపోవచ్చు. నిద్ర పట్టకపోయినా, పాత దృశ్యం కళ్ల ముందు నుంచి కదలకపోయినా అక్కడితో ఆపేయండి. కార్డును కవర్లో పెట్టి, శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి. కావాలంటే ఆ కార్డును వెంట తీసుకెళ్లండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనప్పుడు, ముందు బొమ్మ చూపించి ‘ఇది చేశాక ఇలా అయింది’ అని చెప్పడం చాలామందికి తేలికవుతుంది.